పచ్చదీపాన్ని నమ్మని ఎస్తేరు మేడం

ఫ్రిజ్ తలుపు మూసినప్పుడల్లా చివర్లో టప్‌మని చిన్న చప్పుడు వస్తుంది. రబ్బరు అంచులో దాక్కున్న అయస్కాంతం తలుపును లాక్కునే చప్పుడు. మా ఆయనకు అది వినపడనే వినపడదు. నాకు మాత్రం దాని వెంటే అరకు కొండల తడి మంచు, కాఫీ పూల వాసన, సోల్డరింగ్ పొగలో కళ్లు చికిలించుకుంటున్న ఎస్తేరు మేడం వచ్చి నిలబడతారు. నిన్న పొద్దున పాలగిన్నె పట్టుకుని అలాగే ఉండిపోయాను. "ఏమైంది, నిద్ర చాల్లేదా?" అన్నాడాయన. ఆవిడను చూడనివాళ్లకు ఏమని చెప్పను? అయినా చెప్పి తీరాలి.

ఆవిడ నా మొదటి బాస్. అరకు దగ్గర పాడుబడిన రాతి క్వారీలో ఒక చిన్న కంపెనీ రాకెట్ మోటార్లను నేలకు బిగించి, మండించి పరీక్షించేది. నేను విజయనగరం నుంచి కొత్తగా ఇంజినీరింగ్ పట్టా పట్టుకుని, నాకు తెలియనిది లేదన్నంత ధీమాతో అక్కడ దిగాను. మేడంది జి.మాడుగుల పక్కన ఊరు, కాఫీ తోటల కుటుంబం. రాకెట్‌కు నిప్పంటించే విభాగమంతా ఆవిడ చేతిలో ఉండేది. ఆదివారం చర్చిలో ఎంత కమ్మగా పాడేవారో, సోమవారం అదే గొంతుతో మమ్మల్ని ఉతికి ఆరేసేవారు. నన్నెప్పుడూ పేరు పెట్టి పిలవలేదు. ఎంత పెద్ద మీటింగులోనైనా నేను "గుంటా"నే, అంటే పిల్లనే.

మా గొడవంతా ఒక చిన్న పెట్టెతో. నిప్పురవ్వ పుట్టే చోటికీ, మోటార్లో మండే మందుకూ మధ్య ఆ పెట్టెలో తిరిగే బిళ్ల ఒకటి ఉంటుంది. బిళ్ల అడ్డంగా ఉంటే రవ్వ పుట్టినా మందును చేరదు, మనిషి దగ్గరికి వెళ్లొచ్చు. బిళ్ల తిరిగి దారి తెరుచుకుందంటే ఇక ప్రాణాలతో చెలగాటమే. దూరంగా బంకర్లో ఉన్న మాకు ఆ సంగతి దీపాలు చెప్పాలి. బయట కొన్న ఆ పెట్టెలో ఉన్నది ఒకటే స్విచ్. దారి తెరుచుకున్నాక బిళ్ల వచ్చి దాన్ని నొక్కితే ఎర్రదీపం, నొక్కకపోతే పచ్చదీపం. మేడంకు ఆ పచ్చదీపమంటే మొదటినుంచీ పడదు. "చక్కగా వెలుగుతోంది కదా మేడం, దానిమీద ఏమిటి మీ పగ?" అన్నానొకసారి. "ఆదివారం మా తోటకి రాయే, సెప్తాను" అన్నారు.

వెళ్లాను. వాళ్ల తమ్ముడు సిల్వర్ ఓక్ చెట్టెక్కి, నీడ ఎక్కువైన కొమ్మలు కొడుతున్నాడు. కత్తి ఎత్తే ముందు "కూ..." అని కేక పెట్టాడు. కింద ఒకరు చుట్టూ చూసి, తిరిగి "కూ" అంటేనే కొమ్మ కొట్టడం అక్కడి పద్ధతి. ఆ రోజు కింద కాపలా ఉన్న అతని భార్య నీళ్లకు వెళ్లినట్టుంది, ఎవరూ పలకలేదు. మళ్లీ కేకేసి, విసుక్కుంటూ చెట్టు దిగాడు. నాకు నవ్వొచ్చింది. "ఎవరూ పలకలేదంటే కింద ఎవరూ లేనట్టేగా!" అన్నాను. మేడం నా రెక్క పట్టుకుని చెట్టు మొదట్లోకి లాక్కెళ్లారు. కాఫీ మొక్కల చాటున వాళ్లమ్మ కూర్చుని రాలిన మిరియాలు ఏరుకుంటోంది. ఆవిడకు బొత్తిగా చెవుడు.

"పలకనేదంటే మనిసి నేదనుకున్నావా?" అన్నారు మేడం. "పలకనేదంటే పలకనేదంతే. అంతా బాగుందని ఎవులో ఒకలు నోరు తెరిసి సెప్పాల."

తమ్ముడు తల్లిని లేవదీస్తూ, "ఈ ముసిల్ది నన్ను జైల్లో ఏయించీసేలాగుంది" అని గొణిగాడు. ఆ పెద్దావిడ అదేమీ పట్టకుండా నా దోసిట్లో మిరియాలు పోసి నవ్వింది.

ఆ తర్వాత కొన్నాళ్లకే ఒక మధ్యాహ్నం మోటారు పరీక్ష పెట్టుకున్నాం. కంపెనీ యజమాని హైదరాబాద్ నుంచి వచ్చాడు. మంచుకు తడవకుండా మావాళ్లు ఆ పెట్టెకు ప్లాస్టిక్ కవరు బిగించి చుట్టారు. అరకులో బియ్యానికైనా, అగ్గిపెట్టెకైనా మేం చేసే పనే అది. అప్పటికే లోపల చేరిన చెమ్మ బయటికి పోలేక స్విచ్ మొనలకు చిలుము పట్టించిందని తర్వాత విప్పి చూస్తే గాని తెలియలేదు. బిళ్లను తిప్పే బటన్ నొక్కాం. ఎర్రదీపం వెలగలేదు, పచ్చదే ఉంది. బిళ్ల ఇరుక్కుపోయింది, తిరగలేదు అనుకున్నాం అందరం. ఇంతలో కొండ వెనక ఉరిమింది. వాన ముంచుకొచ్చేలోగా ఎవరో ఒకరు వెళ్లి, రవ్వ పుట్టించే కరెంటు తీగలు ఊడదీయాలి.

"పచ్చ వెలుగుతోంది కదా, ఆ అమ్మాయిని పంపండి. మోటారు పాడైతే నెలల పని గంగపాలు" అన్నాడు యజమాని. నేను అప్పటికే రెయిన్‌కోటు తొడుక్కున్నాను. మేడం వచ్చి తలుపుకు అడ్డంగా నిలబడ్డారు.

"ఏటే గుంటా, ఎక్కడికెల్తన్నావు?"

"పచ్చదీపమే కదా మేడం..."

"ఎర్రది ఎలగనేదు, అంతే. బిళ్ల అడ్డంగా ఉందని నీకెవులు సెప్పారు? కూర్సో."

"అంత భయమైతే ఈ ఉద్యోగం ఎందుకు మేడం?" అన్నాడు యజమాని.

"ఉజ్జోగం రేపు మానేత్తాను సారూ. ఇయాల మాత్రం ఈ గుంట బయటికెల్దు."

నాకు ఒళ్లు మండిపోయింది. అందరి ముందూ చంటిపిల్లను చేసి కూర్చోబెట్టారని మొహం తిప్పుకున్నాను. అంతలో క్వారీ అంచున పిడుగు పడింది. తీగల్లోకి ఎంత కరెంటు దూరిందో గాని, ఎవరూ మీట నొక్కకుండానే మోటారు భగ్గున అంటుకుంది. బంకరు గోడలు అదిరాయి. బిళ్ల ఎప్పుడో తిరిగే ఉంది, చిలుము పట్టిన స్విచ్చే ఆ సంగతి చెప్పలేదు. మా ముందు పచ్చదీపం నిక్షేపంగా వెలుగుతూనే ఉంది. మేడం నా రెండు చేతులూ పట్టుకుని, ఒక్కో వేలూ నొక్కి చూసి, అప్పుడు భోరుమన్నారు.

ఆ తర్వాత ఆవిడ ఉద్యోగం మానలేదు, యజమాని మానమనలేదు. బిళ్ల ఇరుసుకు చిన్న అయస్కాంతం అమర్చి, అటొకటి ఇటొకటి సెన్సార్లు పెట్టాం. ఒకదాన్నొకటి తాకే పనే లేదు, చిలుము బాధ లేదు. అడ్డంగా ఉన్న వైపు సెన్సారు అయస్కాంతాన్ని కనిపెట్టి "ఇక్కడుంది" అంటేనే పచ్చ. రెండూ నోరు మూసుకున్నా, రెండూ ఒక్కసారే మాట్లాడినా ఎరుపే. ఒకరోజు బిళ్ల సగంలో ఉండగానే పచ్చ వెలిగింది! హడలిపోయాం. తీరా చూస్తే బల్ల మీద మేడం హ్యాండ్‌బ్యాగు, దాని మూతకున్న అయస్కాంతం నిర్వాకం. "సూడయే, నా సంచీ ఎంత అబద్దమాడతందో!" అని పగలబడి నవ్వారు. తప్పు బేగి బయటపడిందని ఆవిడకు పండగే. బయటి అయస్కాంతాలు పనిచేయకుండా పెట్టెకు లోహపు తొడుగు వేయించి, మర్నాటినుంచి గుడ్డసంచీతో వచ్చారు.

మేడం పోయి రెండేళ్లవుతోంది. ఇప్పటికీ తట్టుకోలేను. నాకిప్పుడు బడికెళ్లే కూతురుంది. పొద్దున్నే దాన్ని కూర్చోబెట్టి రెండు జడలు వేయాలి. కుదురుగా ఉండదు, "లాగకే అమ్మా" అని గోల. రిబ్బను ముడి వేస్తూ ఒక్కోరోజు ఆగిపోయి నా వేళ్లకేసి చూసుకుంటాను. ఆ మధ్యాహ్నం ఇవి ఆ తీగల మీద ఉండాల్సినవి.