బండికి కేబుల్ పెట్టిన ఆదివారం

నా బండి ఎప్పుడూ అడవిలోనే ఆగేది. బూర్గంపాడు దాటి, తారురోడ్డు వదిలి, గిరిజన గూడెం వైపు మట్టిదారి పట్టాక గతుకుల్లో ఎక్కడో మీటరు మీద ఇంజన్ గుర్తు పసుపు రంగులో వెలిగేది. ఆ వెంటనే బండి చచ్చిపోయేది. కాసేపాగి మళ్లీ స్టార్ట్ చేస్తే ఏమీ ఎరగనట్టు కదిలేది. నేను ఏఎన్ఎంని. భుజానికి టీకాల డబ్బా ఉంటుంది, అందులో ఐసు కరిగిపోతుంటుంది. నడిరోడ్డు మీద నిలబడి బండిని తిట్టడం తప్ప చేయగలిగిందేమీ ఉండేది కాదు. తిట్లకు మాత్రం నాకెప్పుడూ కరువు లేదు.

మా ఊరి మెకానిక్ స్పార్క్ ప్లగ్గు మార్చాడు, ఫిల్టరు దులిపాడు. కొత్తగూడెం షోరూముకు తీసుకెళ్తే ఆ రోజు లైటు వెలగదు, బండి బుద్ధిగా నడుస్తుంది. "లైట్ వచ్చినప్పుడు తీస్కరాండ్రి మేడం" అన్నారు వాళ్లు. లైటు వెలిగేది అడవిలో, షోరూము ఉన్నది కొత్తగూడెంలో. డాక్టరు గదిలో అడుగుపెట్టగానే నొప్పి మాయమయ్యే రోగుల్ని చాలామందిని చూసినదాన్ని కాబట్టి బండిని మరీ తప్పుపట్టలేకపోయాను.

మా ఆయనకు మాత్రం మంచి సాకు దొరికింది. ఆయన బస్టాండు దగ్గర జిరాక్స్, ఇంటర్నెట్ షాపు నడుపుతాడు. ఖమ్మానికి బదిలీ పెట్టుకోమని ఎప్పటినుంచో ఒకటే పోరు. వాళ్లక్క ఉండేది అక్కడి ఖానాపురం హవేలిలో. మా కోసం పక్క వీధిలో కిరాయి ఇల్లు కూడా చూసిపెట్టింది. "షేర్ ఆటో ఎక్కితే డ్యూటీ కాడ దిగుతవ్. అడవి లేదు, బండి లేదు" అనేవాడు. ఆ మాట వింటేనే నాకు ఒళ్లు మండేది. గూడెంలో మొదట్లో నన్ను చూసి తలుపులు వేసుకున్నారు. ఇప్పుడు తల్లులు తామే వచ్చి బిడ్డను నా ఒళ్లో పెడతారు, వాళ్ల భాషలో ఆ బిడ్డకు నా గురించి ఏదో చెప్పి నవ్వుతారు. ఆ నవ్వు కోసం నేనెంత తిరిగానో నాకే తెలుసు. దాన్ని వదిలి షేర్ ఆటో ఎక్కడం నా వల్ల కాదు.

గొడవలు పడీ పడీ చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. బదిలీ దరఖాస్తుల గడువు ముగిసేలోపు బండి జబ్బేమిటో తేలితే నేను ఇక్కడే ఉంటాను. తేలకపోతే ఖమ్మం. కోపంలో సరేనన్నాను గానీ, అన్నప్పటి నుంచి గడువు ఇంకెన్నాళ్లుందో లెక్కపెట్టుకుంటూనే ఉన్నాను.

బండిని కంప్యూటర్‌కు కలిపే కేబుల్ ఒకటి దొరుకుతుందని తెలుసుకుని తెప్పించింది మళ్లీ ఆయనే. జబ్బు తేలితే ఓడిపోయేది తానే అయినా తెప్పించాడు. ఆయనతో వచ్చిన చిక్కే అది, పూర్తిగా కోప్పడనివ్వడు.

ఆదివారం పొద్దున వాకిట్లో బండి నిలబెట్టి, పక్కన స్టూలు మీద లాప్‌టాప్ పెట్టాం. సీటు తీస్తే వైర్ల మధ్య రబ్బరు టోపీ తొడిగిన సాకెట్టు కనిపించింది. కేబుల్ ఒక కొస దానికి, రెండో కొస లాప్‌టాప్‌కు. తాళం తిప్పగానే తెర మీద బ్యాటరీ, ఇంజన్ వేడి, ఇంకా ఏవేవో అంకెలు వచ్చాయి. వాటి కింద ఒక పాత తప్పు నమోదై ఉంది. బండి పక్కకు పడితే ఇంజన్‌ను ఆపేసే సెన్సరు ఒకటి ఉంటుందట, తప్పు దాని దగ్గరే.

ఆయన తెర వదిలి నా వైపు తిరిగాడు. "బండి మీదికెంచి పడ్డవా? నాకు చెప్పలే?"

"పడితే దెబ్బలు కనపడయా? నువ్వు తెర మీదనే చూడు" అన్నాను.

బండిని అటూ ఇటూ వంచాను. అంకె సరిగ్గానే మారింది. తర్వాత ఆ సెన్సరు వైరు పట్టుకుని, గతుకుల దారిలో ఊగినట్టు ఊపాను.

"పోయింది... వచ్చింది... మళ్ల పోయింది!" అన్నాడాయన.

గెలిచానని వీధంతా వినపడేలా అరిచాను. వైరు చివర ప్లగ్గు ఊడదీస్తే లోపల పిన్నులకు చిలుము పట్టి ఉంది, దాని మీద పసుపు, అంతా జిగురు. వాసన చూశాను. పులిసిన కొబ్బరినీళ్లు.

ప్రతి శనివారం నేను స్నానం చేసి వచ్చేలోపు ఆయన బండి తుడిచి, పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొడతాడని నాకు తెలుసు. బండి ఉన్న ఇళ్లలో అది మామూలే. కానీ నీళ్లు పోసేది చక్రం మీద.

"ఏందయ్యా ఇది? సీటు కిందికి కొబ్బరినీళ్లు ఎట్ల వచ్చినయ్?"

ఆయన తల ఎత్తలేదు. "నువ్వు అడవికి పోతున్నవు గదా, లోపల ఇంజన్‌కు సుత తగలాలని సీటు తీసి జర పోసేటోణ్ణి. బండి ఆగుతుందన్నవు. ఇగ అప్పటిసంది కాయ మొత్తం అండ్లనే పోసిన."

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది మా పని. తిడదామని నోరు తెరిచాను. బండి ఆగిన కొద్దీ ఆయన పోశాడు, పోసిన కొద్దీ బండి ఆగింది. ఇన్నాళ్లూ నా మీద పెత్తనం చేస్తున్నాడనుకున్నాను. ఆయనకు అంత భయంగా ఉందని నాకు తట్టనేలేదు. నవ్వు వచ్చింది, దాని వెనకే ఏడుపూ వచ్చింది.

స్పిరిట్ దూదితో పిన్నులు తుడిచి ప్లగ్గు బిగించాను. ఆయన లాప్‌టాప్‌లో ఆ తప్పును చెరిపేశాడు.

"నేను దరఖాస్తు పెట్టను" అన్నాను.

"అవ్. మాటంటే మాటే." కేబుల్ చుట్టుకుంటూ "చేరినంక ఒక్క ఫోన్ చెయ్. గంతే" అన్నాడు.

గూడెంలో సిగ్నల్ ఉండదు. వెనక ఉన్న గుట్ట ఎక్కితేనే దొరుకుతుంది. మర్నాడు బండి ఎక్కడా ఆగలేదు. డబ్బా దించి, గొణుక్కుంటూనే గుట్ట ఎక్కి ఫోన్ చేశాను. రింగు పూర్తి కాకుండానే ఎత్తాడు.

"చేరిన" అన్నాను.

ఆయన "ఆఁ" అని ఊపిరి వదిలాడు. షాపులో ఎప్పుడూ మోగే జిరాక్స్ మిషన్ చప్పుడు లేదు. వెనక నుంచి ఎవరో విసుగ్గా అనడం వినిపించింది:

"వదినె చేరిందంట గదన్నా! ఫోన్ ఇనపడదని బంద్ పెట్టిన మిషన్ ఇగనన్న ఆన్ చెయ్, పొద్దటిసంది నిలబడ్డం."