పొగ రంగు చూసిన మనిషి

సాలూరు మేస్త్రీ గారు పోయారని ఆయన భార్య ఫోన్ చేసి చెప్పింది. పొద్దున్న ఏడు దాటింది. నేను విజయనగరంలో మా వంటింట్లో ఇడ్లీ పిండి కలుపుతున్నాను.

"టీచరమ్మా, మీ మేస్త్రీ ఎల్లిపోనాడమ్మా" అంది ఆవిడ. ఆవిడ వెనక ఏదో లారీ హారన్ కొడుతూ పోతోంది. అది పోయాక, "టీ అడిగినాడు. పెట్టి తెచ్చీలోగా అయిపోనాది" అంది.

నేను బస్సెక్కి వెళ్ళాను. మా ఇంటి ముందు జీపు ఉంది. ఆయనే ఎంచి పెట్టిన జీపు. దాన్ని వేసుకుని ఆయన ఇంటికి వెళ్ళడానికి ఆ రోజు నాకు మనసొప్పలేదు. ఎందుకొప్పలేదో చెప్పాలంటే మొదటి నుంచీ చెప్పాలి.

గజపతినగరంలో జూనియర్ కాలేజీ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పేదాన్ని. ఇంకా సర్వీసు ఉండగానే మానేశాను. నాకొక కోరిక ఉండేది. పాచిపెంట ఘాటీ దగ్గర మొదలుపెట్టి, ఒడిశా కొండల మీదుగా, దారి ఎంతవరకు ఉంటే అంతవరకు వెళ్ళాలి. అడవి చెట్ల విత్తనాలు ఏరాలి. హోటల్లో దిగకూడదు, బండిలోనే పడుకోవాలి, నా చెత్త నాతోనే వెనక్కి తెచ్చుకోవాలి. అలాంటి దారులకు నాలుగు చక్రాలూ లాగే బండి కావాలి. కొత్తది మాత్రం వద్దనుకున్నాను. కొత్త బండి తయారవ్వాలంటే ఎక్కడో ఒక కొండను తవ్వాలి, ఎక్కడో బొగ్గు కాల్చాలి. ఉన్నదాన్నే బతికించుకుంటే ఆ పాపం ఉండదు కదా అని నా ఆలోచన. మా తమ్ముడు బ్యాటరీ బండి కొనమన్నాడు. ఆ కొండల్లో చార్జింగ్ ఎక్కడ పెట్టమంటావురా అన్నాను. పాత డీజిల్ బండిలో కంప్యూటర్లు ఉండవు, ఎక్కడ ఆగిపోయినా స్పానర్ పట్టుకోగల మనిషి ఒకడు దొరికితే చాలునని చదివాను. చదివినదంతా నోటుబుక్కులో రాసుకుని, లారీల ఊరు కదా, అక్కడైతే తెలిసినవాళ్ళు ఉంటారని సాలూరు వెళ్ళాను.

లారీల అడ్డా దగ్గర ముగ్గుర్ని అడిగితే ముగ్గురూ మేస్త్రీ గారి షెడ్డే చూపించారు. లోపల అరవై దాటిన మనిషి, బక్కపలచగా, కళ్ళజోడు దారంతో కట్టుకుని, డీజిల్ పంపు విప్పుతున్నారు. విప్పిన ప్రతి బోల్టునూ వరసగా కొబ్బరి చిప్పల్లో వేస్తున్నారు. నేను నోటుబుక్కు తెరిచి నా ఆలోచన అంతా చెప్పాను. ఆయన చేతిలో పని ఆపకుండా విన్నారు. ఆఖర్న తలెత్తి అడిగారు.

"అయితే సెట్ల కోసం పొగ బండి కొంతావేటమ్మా?"

ఎగతాళి కాదు. నిజంగానే అడిగారు. నేను మళ్ళీ కొండలూ బొగ్గూ అని మొదలుపెట్టాను. "సరే, సరే. నానూ ఒస్తాను. నువ్వొక్కత్తివీ ఎల్తే రంగు సూసి కొనీస్తావు" అన్నారు.

ఇద్దరం కలిసి మూడు బండ్లు చూశాం. మొదటిది కళింగపట్నం వైపు ఒక చేపల వ్యాపారి ఇంట్లో ఉంది. కొత్తగా పెయింటు వేయించి, మెరిసిపోతోంది. నాకు నచ్చింది. మేస్త్రీ గారు సంచిలోంచి చిన్న సుత్తి తీసి, బండి కిందికి దూరి, చాసిస్ మీద కొట్టుకుంటూ పోయారు. టంగ్, టంగ్, టంగ్, తర్వాత ఒకచోట తడి చెక్క మీద కొట్టినట్టు చప్పుడు. ఆయన బయటికొచ్చి చొక్కా దులుపుకున్నారు. "దీన్ని సముద్రం తినీసినాదమ్మా. పైన రంగే మిగిలినాది" అన్నారు. రెండోది బొబ్బిలిలో. అది కాస్త తర్వాతి కాలం బండి, ఇంజన్‌కు కంప్యూటర్ ఉంది. "మంచిదే. గాని ఇది కొండ మీద అలిగితే నీ మాట ఇనదు, నా మాటా ఇనదు" అని తిరిగి వచ్చేశారు.

మూడోది మక్కువ దగ్గర ఒక రైతు పాకలో దొరికింది. రంగు వెలిసిపోయింది, సీట్లు చిరిగిపోయాయి, కోళ్ళు ఎక్కి కూర్చున్నాయి. ముందు రోజే మేస్త్రీ గారు ఆ రైతుకు కబురు పెట్టారు, మేం వచ్చేదాకా ఇంజన్ స్టార్టు చెయ్యొద్దని. వేడెక్కిన ఇంజన్ ఎవడికైనా స్టార్టవుతుంది, చల్లగా ఉన్నప్పుడే దాని బుద్ధి తెలుస్తుందని ఆయన మాట. తాళం తిప్పారు. రెండోసారికి అందుకుంది. వెనక్కి వెళ్ళి గొట్టం దగ్గర గొంతుక్కూర్చుని పొగ చూశారు. నన్నూ పక్కన కూర్చోమన్నారు.

"నీలంగా వస్తే ఆయిల్ తాగతన్నాదని. తెల్లగా వస్తానే ఉంటే లోపల నీల్లు దిగతన్నాయని. నల్లగా వస్తే మరీ బయపడక్కర్లేదు, డీజిల్ తిండెక్కువయినాదంతే. ఇది సూడు, కొంచెం నలుపు. దీన్ని దారిలో పెట్టొచ్చు."

తర్వాత బానెట్ ఎత్తి, ఇంజన్ తిరుగుతుండగానే ఆయిల్ పోసే మూత విప్పి, ఆ కన్నం మీద అరచెయ్యి ఆనించారు. కళ్ళు మూసుకున్నారు. లోపలి నుంచి గాలి ఎంత తన్నుకొస్తోందో చూస్తున్నారట. "ఊపిరి సూడాలమ్మా. మిగతావన్నీ మార్చుకోవచ్చు" అన్నారు. ఆ రోజే దాన్ని వేగావతి ఏటి ఇసకలోకి దింపి, నాలుగు చక్రాలూ లాగే గేరు వేయించి, నా చేతే బయటికి తీయించారు. ఆయన గట్టు మీద నిలబడి, "తొక్కీయకు, తొక్కీయకు! దాన్నే ఎక్కనీ!" అని అరుస్తున్నారు. అరిచిన ప్రతిసారీ దగ్గు. నేను అప్పుడు దాన్ని పట్టించుకోలేదు. షెడ్డులో అందరూ దగ్గుతారు.

బండి బాగుచెయ్యడానికి మూడు నెలలు పట్టింది. వారానికి రెండు రోజులు వెళ్ళి దగ్గర కూర్చునేదాన్ని. ఫిల్టర్ అడుగున చేరిన నీళ్ళు వదలడం, గాలి ఫిల్టర్ దులపడం, బెల్టు బిగువు వేలితో నొక్కి చూడడం, అన్నీ నా చేత చేయించారు. నోటుబుక్కు తీస్తే మాత్రం ఒప్పుకునేవారు కాదు. "సేతికి రావాల, పుస్తకానికొస్తే ఏటి లాభం?" టీ ఎప్పుడూ తన స్టీలు గ్లాసులోనే. పనైపోయిన ఆయిల్ ఒక్క చుక్క నేల మీద పడనిచ్చేవారు కాదు, కిందపడితే వెంటనే రంపపు పొట్టు చల్లి ఎత్తేవారు. నేను పర్యావరణం గురించి మాట్లాడేదాన్ని. ఆయన ఆ మాట ఎప్పుడూ వాడలేదు. ఎందుకంత జాగ్రత్త అని ఒకసారి అడిగితే, "ఎనక బావి ఉన్నాది కదా, మా ఇంటిది నీల్లు తోడుతాది" అన్నారు.

మొదటి ప్రయాణానికి ఆయనా వచ్చారు, బండిని పరీక్షించినట్టుంటుందని. పాచిపెంట దాటి ఘాటీ ఎక్కుతున్నాం. ఒక మలుపులో గేరు తగ్గించి గట్టిగా తొక్కాను. అద్దంలో వెనక చూస్తే నల్లటి పొగ. ఆ పొగలో రోడ్డు వారనే కట్టెల మోపుతో నడుస్తున్న ఒకామె, ఆమె చెయ్యి పట్టుకున్న చిన్నపిల్ల. ఆమె చీర చెంగు ముందు పిల్ల ముక్కుకి అడ్డం పెట్టింది, తర్వాత తన ముక్కుకి పెట్టుకుంది. మేస్త్రీ గారు కూడా అద్దంలో చూశారు.

"ఆపమ్మా" అన్నారు. దిగి, డీజిల్ పంపు మీద ఒక స్క్రూ కొంచెం తిప్పి, మూత బిగించారు. "తిండి తగ్గించినాను. ఇంక ఎక్కడం మందంగా ఎక్కుతాది, ఎనక లారీలోల్లు తిడతారు. తిట్టనీ."

పొగ తగ్గింది. పూర్తిగా పోలేదు. ఆ పైన నేను ఇరవై ఏళ్ళ కిందట పిల్లల్ని తీసుకెళ్ళి మొక్కలు చూపించిన వాలు ఒకటి ఉండాలి. అక్కడికి చేరేసరికి వాలు లేదు. రాయి కోసం కొండను సగానికి కోసేశారు. మిగిలిన సగం మీద బూడిదరంగు దుమ్ము. నేను ఏరుదామనుకున్న విత్తనాల చెట్టు ఒక్కటీ లేదు. ఇద్దరం బండి నీడలో కూర్చుని తెచ్చుకున్న పులిహోర తిన్నాం. ఆయన చాలాసేపు ఆ కోత వైపు చూసి, "ఇంకా ముందుకెల్దామేటి?" అని అడిగారు. వద్దన్నాను. ఆ తర్వాత ఏడెనిమిది చిన్న ప్రయాణాలు చేశాను, కొన్ని విత్తనాలు తెచ్చాను. మొలిచిన మొక్కల్లో చాలావరకు ఆ మరుసటి ఎండల్లోనే పోయాయి. ఒడిశా కొండల పెద్ద ప్రయాణం ఇవాళ్టికీ జరగలేదు.

పోయినేడాది వానల్లో ఆయనకు నాలుగు మెట్లు ఎక్కితే ఊపిరి అందడం మానేసింది. విశాఖలో పెద్దాసుపత్రికి నేనే జీపులో తీసుకెళ్ళాను. దారి పొడుగునా ఆయాసపడుతూనే ఇంజన్ వింటున్నారు. "గజపతినగరం కాడ్నించి వింతన్నాను, ఒక నాజిల్ సరిగ్గా కొట్టట్లేదు" అన్నారు. అక్కడ డాక్టరు ఎక్స్‌రే ఫిల్ములు చూసి, ఎన్నేళ్ళ నుంచి బీడీలు తాగుతున్నారని అడిగాడు.

"జన్మలో ముట్టలేదు బాబూ."

"మరి ఏం పని చేస్తారు?"

చెప్పారు. డాక్టరు పెన్ను కింద పెట్టాడు. ఊపిరితిత్తులు తిరిగి బాగయ్యే స్థితిలో లేవనీ, ఇకనైనా డీజిల్ పొగకు దూరంగా ఉండాలనీ చెప్పాడు. మేస్త్రీ గారు బుద్ధిగా తలూపారు. బయటికొచ్చాక, "సాలూరులో పొగ నేని సోటెక్కడున్నాదో ఆ బాబుని అడగాల్సింది" అన్నారు. అని, నవ్వబోయి, నవ్వలేకపోయారు.

ఇంటికి ఆక్సిజన్ మిషను వచ్చింది. షెడ్డు మూతపడింది. నేను చూడ్డానికి వెళ్ళినప్పుడు జీపును మెయిన్ రోడ్డు దగ్గరే ఆపి, సందు చివర వరకు నడిచి వెళ్ళేదాన్ని. ఆ పొగ ఆయన గుమ్మంలోకి వెళ్ళకూడదని. అంత దూరంలో ఆపినా ఆయనకు తెలిసిపోయేది. ముక్కుకి గొట్టంతోనే, "వాల్వు మోగతన్నాది. సూపించనేదేటి?" అనేవారు. ఎవరికి చూపించను? ఊళ్ళో మిగిలిన షెడ్లన్నిటిలోనూ పాడైన సామాను మార్చడమే తప్ప బాగుచేసేవాళ్ళు లేరు. ఈ బండి సామాను దొరకడం కూడా మానేసింది.

ఒక మధ్యాహ్నం ధైర్యం చేసి అడిగాను. "మేస్త్రీ గారూ, నేను ఈ బండి కొనడం తప్పా?"

కాదంటారని ఆశపడ్డాను. ఆయన ఊపిరి కూడగట్టుకోవడానికి చాలాసేపు పట్టింది.

"కొత్తది కొనుంటే ఆ పొగ ఇంకెక్కడో ఒచ్చుండును. పాతది కొన్నావు, ఇక్కడొచ్చినాది. నువ్వు తక్కువే చేసినావమ్మా. తక్కువే. గాని ఆ తక్కువ కూడా ఎవడో ఒకడు పీల్చాల కదా."

ఆయన భార్య గుమ్మంలో నిలబడి వింటోంది. "ఊరుకోండి, పాపం టీచరమ్మ బాధపడతాది" అంది. "బాద పడనీ. అడిగినాది కదా" అన్నారాయన. నా వైపు చూడలేదు, నా చేతి మీద మాత్రం రెండుసార్లు తట్టారు. ఆ చేతిలో వేలి గీతలన్నీ నల్లగానే ఉన్నాయి. పని మానేసి నెలలైనా పోలేదు.

నేను ఆయనకు ఎంత రుణపడ్డానో చెప్పడం నాకు చేతకాదు. నా కోరికను నవ్వి పంపెయ్యకుండా మూడు ఊళ్ళు తిరిగి, ఆ వయసులో బండ్ల కింద పడుకుని, నా కోసం పొగ పీల్చి చూశారు. నన్ను సంతోషపెట్టడానికి ఒక్క అబద్ధమైనా ఆడలేదు. అంతకు మించి మంచి మాట రాయాలని ఉంది గాని, రాస్తే ఆయన ఒప్పుకోరు.

జీపు ఇప్పుడు మా ఇంటి ముందే ఉంది. బ్యాటరీ తీగ విప్పేశాను. దాని కాగితాల గడువు ఈ ఏడాదితో తీరుతుంది. అమ్మితే ఇంకొకరి సందులో పొగ వస్తుంది. తుక్కు కింద ఇస్తే, ఆయన మూడు నెలలు చేతులు పెట్టి బతికించినదాన్ని కట్టర్‌తో కోస్తారు. నడపాలంటే ఆ ఘాటీ మీద చెంగు అడ్డం పెట్టిన తల్లి గుర్తొస్తుంది. ఏది చెయ్యాలో నాకు తెలియడం లేదు. చెప్పగలిగిన మనిషి లేరు. ఉన్నా, ఏది చేసినా ఎవడో ఒకడు పీల్చాల కదా అనే అనేవారు.

పెద్దకర్మ నాడు భోజనాలయ్యాక బయల్దేరుతుంటే మేస్త్రీ గారి భార్య ఆగమంది. పెరట్లో గోడ వార కరివేపాకు చెట్టు ఉంది, గోడకు అవతల లారీలు పోయే రోడ్డు. నాలుగు రెబ్బలు విరిచి, "ఒట్టి సేతుల్తో పంపితే ఆయన ఊరుకోడమ్మా" అంది. చిన్న గిన్నెలో నీళ్ళు పోసి ఆకులు ముంచి కడిగింది. నీళ్ళు నల్లగా అయ్యాయి. పారబోసి మళ్ళీ పోసింది. మళ్ళీ నలుపే. "ఇంటికెల్లాక ఇంకోపాలి కడుక్కోమ్మా, మసి ఉంటాది" అంటూ మూడోసారి నీళ్ళు పోసింది. ఆవిడ వేళ్ళు ఒక్కొక్క ఆకునీ తిప్పి తిప్పి రుద్దుతూనే ఉన్నాయి. నీళ్ళు తేటపడలేదు.