తీతువు గుడ్లు

నేను దుత్తలూరు దగ్గర ఒక పల్లె బడిలో టీచరుగా చేరిన మొదటి ఏడాది జరిగిన సంగతి ఇది. మా పిల్లలకు తీతువు పిట్ట అంటే భయం. అది అరిస్తే ఇంట్లో ఎవరో చచ్చిపోతారని పెద్దవాళ్లు చెప్పారట. ఆ భయం పోగొడదామని ఒక శనివారం ఉదయం ఐదో తరగతి పిల్లలను చెరువు దగ్గరికి తీసుకెళ్లాను.

తీతువు గూడు కట్టదనీ, గులకరాళ్ల మధ్య నేల మీదే గుడ్లు పెడుతుందనీ చెప్పాను. "చూసి నడవండి, గుడ్లు కూడా రాళ్లలాగే ఉంటాయి" అని హెచ్చరించాను. ఇంతలో రెండు తీతువులు మా తలల మీదికి దూసుకొస్తూ అరవసాగాయి. అవి అంతగా ఎందుకు అరుస్తున్నాయో నాకు తట్టలేదు. బెదిరిపోయిన పిల్లల వైపు తిరిగి, "ఏమీ చేయవు, భయపడకండి" అంటూ రెండడుగులు వెనక్కి వేశాను.

"టీచర్, కాలు ఎత్తండి! మీ కాలి కింద గుడ్లుండాయి!" అని సుజాత అనే పిల్ల కేక పెట్టింది.

కాలు తీసి చూస్తే నాలుగు గుడ్లూ చితికిపోయాయి. ఒకదానిలో పిట్టపిల్ల రూపం కనిపిస్తోంది.

తిరిగొచ్చాక బడి గేటు దగ్గర సుజాత మెల్లగా అంది.

"ఇంక మనం అక్కడికి పోవద్దు టీచర్. మనం పోకుంటే అవి బతికుండేవి గదా."

ఇప్పటికీ ఏటా పిల్లలకు పిట్టల్ని చూపిస్తాను, చెరువు గట్టు దిగకుండా, దూరం నుంచే.