కాలిన జీను

జర్మనీలో నెక్కర్ నది ఒడ్డున వాల్బుర్గా ఫ్రొమ్మర్‌ను ఎరగని గుర్రపువాడు లేడు. మొగుడు పోయాక పదకొండేళ్లు జీన్ల దుకాణాన్ని ఒంటిచేత్తో లాక్కొచ్చింది. అలాంటి మనిషి పేరు 1885లో ఒక్క ఆదివారంతో మట్టిలో కలిసింది.

పక్కవీధి ఇంజనీరు గోట్‌హోల్డ్ రాయ్ గుర్రం లేకుండా పరుగెత్తే రెండు చక్రాల బండి చేశాడు. పేటెంటు వచ్చేదాకా ఎవరికీ చూపనని భీష్మించుకుని, కాగితం మీద కొలతలు పంపి ఆవిడచేత జీను కుట్టించుకున్నాడు. ఆ ఆదివారం ఊరి బయట బండెక్కాడో లేదో, జీను అంటుకుంది. వెనక కాల్చుకుని దూకాడు. పొగ చూసి పరిగెత్తుకొచ్చిన జనం నవ్వేసరికి ఆ మహానుభావుడు తోలు నాసిరకమని తప్పించుకున్నాడు. ఎదురుగా జీన్ల దుకాణమే నడిపే కార్ల్ ఊరుకుంటాడా? ఆడది కుట్టిన జీను అంతేనన్నాడు. వారం తిరక్కుండా బీరు కాచే కంపెనీ ఆవిడ చేస్తున్న తమ ఎనిమిది గుర్రాల తోలు పనీ కార్ల్‌కిచ్చేసింది. ఇంకో నెల ఇలాగే సాగితే ఆవిడ దుకాణానికి తాళమే.

ఇంకో జీను కుట్టమంటే కార్ల్ భయపడి తప్పుకున్నాడు. దాంతో రాయ్ సిగ్గు లేకుండా మళ్లీ వాల్బుర్గా దగ్గరికే వచ్చాడు.

"కుడతాను. బండిని పట్టపగలు నా గుమ్మం ముందుకు తీసుకురా," అంది.

"ఎవరైనా చూస్తే నా కొంప మునుగుతుందమ్మా."

"నా కొంప ముంచినప్పుడు ఊరంతా చూడలేదూ? గుర్రం వీపు చూడకుండా జీను కుట్టొద్దని మా ఆయన నెత్తీనోరూ కొట్టుకునేవాడు. నీ మాట విని ఒక్కసారి తప్పాను. ఇక తప్పను."

గత్యంతరం లేక తెచ్చాడు. ఆవిడ వంగి చూసింది. జీను కిందే, జానెడు దూరంలో, ఇంజను గొట్టాన్ని ఎర్రగా కాల్చే దీపం. పళ్లు కొరికింది. రెండు రోజులు బండిని దుకాణంలోనే ఉంచుకుని, కింద రేకు వేసి, ఇనప కాళ్ల మీద ఎత్తుగా కొత్త జీను బిగించింది.

సంతరోజు రాయ్ బండి తీసుకుపోదామని వచ్చి ఎక్కబోతే కాలరు పట్టి ఆపింది. "నా పని నేనే చూసుకుంటాను," అని పావడా దోపుకుని ఎక్కేసింది. చప్పుడుకి కోళ్లు చెల్లాచెదురయ్యాయి. ఇప్పుడు పడుతుంది, అప్పుడు పడుతుంది అని జనం చూస్తుండగానే చర్చిదాకా వెళ్లి తిరిగొచ్చింది. ఆగింది మాత్రం కార్ల్ గుమ్మం ముందే. పట్టీలు విప్పి, జీనును తిరగేసి అక్కడే నిలబడ్డ బీరు కంపెనీ బండివాడి చేతిలో పెట్టింది. అతను తడిమి, చల్లగానే ఉందన్నాడు.

అప్పుడు రాయ్ వైపు తిరిగింది.

"మొన్న కాలింది ఎందుకో నువ్వే చెప్పు. గట్టిగా."

రాయ్ తల దించుకున్నాడు. సంతంతా చెవులప్పగించింది.

"తోలు మంచిదే," అన్నాడు. "కింద మంట పెట్టింది నేను."