మేలుకొలుపుకు ముందు సున్నా

వసంతలక్ష్మి అమెరికాలోని చాండ్లర్‌లో మా పక్క అపార్ట్‌మెంట్‌లో కూతురు రేణు, అల్లుడు ఉదయ్‌లతో ఉంటుంది. ఆమె చదివింది మూడో తరగతి, నేను నాలుగు. ఆ ఏడు తరగతులతోనే ఇద్దరం ఇంతదూరం వచ్చాం, ఎవరి దయా లేదు.

చనిపోయిన అమ్మమ్మ పాడిన పన్నెండు పూజ పాటలను రేణు పాత క్యాసెట్ నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కించింది. పొద్దుటి పూజలో ఆ గొంతు వినాలని వసంతలక్ష్మి ఆశ. ఫోన్‌లో పెడితే సరిగ్గా హారతివేళకే ఎవడో కారు వారంటీ అమ్మడానికి ఫోన్ చేస్తాడు. అందుకని అరచేతిలో పట్టే ప్లేయర్ కొనిపించుకుంది.

కంప్యూటర్‌లో ఖంగున మోగిన పాటలు ప్లేయర్‌లో నోరు విప్పలేదు. ఆ రకం ఫైళ్ళు దీనికి పడవంటూ ఉదయ్ అన్నింటినీ ఎంపీత్రీలుగా మార్చి ఎక్కించాడు. మర్నాడు పూజకు నేనూ వెళ్ళాను. మొదలే హారతి! తర్వాతెప్పటికో లాలి, దాని వెనక మేలుకొలుపు. పాటల పేర్లకు ఇంగ్లీషు అక్షరాల వరుసట.

"అన్నీ ఉన్నాయి కదా అత్తయ్యగారూ, ఆర్డర్ ఏదైతే ఏంటి?" అన్నాడు ఉదయ్, ఆఫీస్‌కి బూట్లేసుకుంటూ.

అల్లుడి ఎదుట కుర్చీలో కూడా కూర్చోని మనిషి, ఏం కావాలన్నా రేణుచేత చెప్పించే మనిషి, వెళ్ళి తలుపుకు అడ్డంగా నిలబడింది.

"నిద్ర లేపకుండానే హారతిచ్చి, జోకొట్టి, అప్పుడు లేవమంటే ఏ దేవుడు లేస్తాడు బాబూ? అది మా అమ్మ వరుస. మీ మిషన్ కోసం మార్చను."

"అమ్మా!" అంది రేణు.

"నువ్వాగవే," అన్నాను. "ఇన్నాళ్ళకు మీ అమ్మకు నోరొచ్చింది."

ఉదయ్ లాప్‌టాప్ తెరిచి పేర్ల ముందు ఒకటి నుంచి పన్నెండు దాకా అంకెలు వేశాడు. మొదటి అంకెనే చూసి పేర్చే ప్లేయర్ ఒకటి తర్వాత పదికి దూకింది. రెండు రాకముందే పన్నెండోదైన హారతి వచ్చేసింది.

"చెత్త ప్లేయర్! కొత్తది ఆర్డర్ చేస్తాను, వదిలెయ్యండి."

"వదలను," అంది వసంతలక్ష్మి. "నా మందుసీసా మీద మూడో నెలని సున్నా మూడని వేస్తారుగా? తొమ్మిది దాకా ముందొక సున్నా పెట్టండి."

పెట్టాడు. మేలుకొలుపు మొదలైంది. పన్నెండు పాటలూ అయ్యేదాకా అల్లుణ్ణి గడప దాటనివ్వలేదు. చివర హారతి పళ్ళెం చాపి, "కళ్ళకద్దుకుని ఇప్పుడు వెళ్ళండి," అంది.

ఉదయ్ బూట్లు విప్పి మరీ అద్దుకున్నాడు.