కుంపటి బయటికి, పెద్దాయన లోపలికి

ఈ సంగతి నేను ఇప్పటికి చాలామందికి చెప్పాను. మిషన్లు పంపే డీలరుకు చెప్పాను. కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి చెప్పాను. మార్కాపురం వచ్చిన సేల్స్ మనిషిని టీ కొట్టు దగ్గర ఆపి మరీ చెప్పాను. అందరూ "నోట్ చేసుకున్నాం సార్" అన్నారు. ఎక్కడ చేసుకున్నారో నాకు ఇంతవరకు తెలియదు. వాళ్లు వినలేదు కాబట్టి మీకు చెబుతున్నాను.

అది 2023 ఎండాకాలం. మార్కాపురంలో నాకొక చిన్న దుకాణం ఉంది. ఆక్సిజన్ మిషన్లు అమ్ముతాను, అద్దెకిస్తాను, చెడిపోతే బాగుచేస్తాను. గిద్దలూరు, కొమరోలు, పొదిలి, ఎక్కడినుంచి పిలుపొచ్చినా బండి మీద పోయేది నేనే.

పోర్టబుల్ ఆక్సిజన్ కాన్‌సంట్రేటర్ అంటే భుజానికి తగిలించుకుని తిరగగలిగే చిన్న మిషన్. అది సిలిండర్ కాదు, అందులో గ్యాస్ నింపి ఉండదు. గదిలో గాలిని లోపలికి లాక్కుని, అందులోని నైట్రోజన్‌ను సన్నటి గుళికల్లో పట్టి ఉంచి, మిగిలిన ఆక్సిజన్‌ను ముక్కు గొట్టంలోకి వదులుతుంది. ఆ గొట్టాన్ని క్యాన్యులా అంటాం. పట్టుకున్న నైట్రోజన్‌ను మళ్లీ గదిలోకే వదిలేస్తుంది. అమ్మేటప్పుడు ప్రతి ఇంట్లోనూ ఇదంతా విడమరిచి చెబుతాను. బండి స్టార్ట్ చేసేలోపు ఎవరో ఒకరు వెనక నుంచి "గ్యాస్ అయిపోతే ఏడ నింపించాల?" అని అడుగుతారు.

చెన్నయ్య ఇంట్లోనూ అట్లాగే అడిగారు. ఆయన వయసంతా పలకల ఫ్యాక్టరీలో రాయి కోసిన మనిషి. ఆ పొడి ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది. డాక్టరు రాసిచ్చాక మిషన్ నా దగ్గరే కొన్నారు. నేనే పోయి మంచం పక్కన పెట్టి, అన్నీ చూపించి వచ్చాను. కొన్నాళ్లకు ఆయన భార్య రమణమ్మ ఫోన్ చేసింది.

"ఏమబ్బా ఖాసిమూ, నువ్వు అంటగట్టిన మిషను కీచు కీచుమని అరస్తాండాది. నువ్వొస్తావా, మమ్మల్నే మోసుకురమ్మంటావా?"

అంటగట్టిన అనే మాట నేను మరిచిపోలేదు. అయినా వెంటనే పోయాను.

చెన్నయ్య మంచం గదిలో లేదు, వీధి పంచలో ఉంది. దారికి అవతల పలకలు కోసే షెడ్డు. రంపం తిరుగుతుంటే లేచిన బూడిదరంగు దుమ్ము నేరుగా పంచలోకే వస్తోంది. మిషన్‌కు గాలి పోయే చోట ఫిల్టర్ ఉంటుంది, దుమ్మును ఆపే జల్లెడ అది. తీసి చూస్తే గొంగడి ముక్కలా ఉంది. మిషన్‌కే ఊపిరాడక అరుస్తోంది. పైగా డాక్టరు రెండులో పెట్టమన్న అంకె ఐదులో ఉంది.

"ఇదెవరు పెంచినారు?" అన్నాను.

"నేనే. ఆయాసం తగ్గలా. ఐదు లీటర్లయితే తగ్గుతాదని" అంది రమణమ్మ.

ఇది ఇంకొక అపోహ. పెద్ద మిషన్‌లో అంకె అంటే నిమిషానికి అన్ని లీటర్లు. ఇలాంటి చిన్న మిషన్ మనిషి ఊపిరి పీల్చినప్పుడు మాత్రమే ఒక్కో మోతాదు వదులుతుంది. దాన్ని పల్స్ డోస్ అంటాం. దీనిమీది అంకె ఆ మోతాదు ఎంత పెద్దదో చెప్పే వరస సంఖ్య, లీటర్లు కాదు. ఎంతలో పెట్టాలో ఈ మిషన్ తగిలించి, నడిపించి చూసి డాక్టరే చెప్పాలి.

"సరే, పెద్దాయన్ని ఈ దుమ్ములో ఎందుకు వేసినారు?"

"లోపల పసిబిడ్డ ఉండాది కదా."

కూతురు సుజాత కాన్పుకు వచ్చి ఉంది. ఆడపిల్ల పుట్టింది.

"ఉంటే?"

"ఉంటే ఏందంటావా? ఆ మిషను ఇంట్లో గాలంతా గుంజి ఈయనకు పెడితే బిడ్డకేం మిగుల్తాది? మూరెడు బిడ్డ!"

చెన్నయ్య మంచం మీదనుంచి అందుకున్నాడు. మాటకు మాటకు మధ్య ఊపిరి తీసుకుంటూ మాట్లాడతాడు. "ఖాసిమూ... నేను మనవరాలి గాలి... తాగే దయ్యాన్నంట. బిడ్డను కిటికీలోంచి... చూపిస్తాండారు. రేషన్ సరుకు... చూపించినట్ల."

లోపలినుంచి సుజాత అంది, "నేనేం అనలేదు నాయనా. అమ్మే."

పాప పుట్టినప్పటినుంచి ఆయన ఒక్కసారైనా చేతుల్లోకి తీసుకోలేదని అప్పుడు తెలిసింది. డాక్టరు ఆయనను దుమ్ములో ఉంచవద్దన్నాడు. ఇంట్లోవాళ్లు దుమ్ములోనే పడుకోబెట్టి, మిషన్ పనికిరాదని నన్ను తిడుతున్నారు.

చెప్పాను. "మిషను గాలిని తినదు పెద్దమ్మా. తీసుకున్న నైట్రోజన్ గదిలోనే వదుల్తాది. పెద్దాయన పీల్చిన ఆక్సిజన్‌లో ఎక్కువ భాగం ఆయన ఊపిరితోనే తిరిగి గదిలోకొస్తాది. గదిలో ఇంకొక మనిషి కూర్చున్నట్టే, అంతే. ఇంటికి చుట్టాలొస్తే బిడ్డకు గాలి చాలదని బయట నిలబెడతారా?"

"మిషను బాగుచేయను పిలిస్తే సంసారం చెప్తాండావే" అంది రమణమ్మ.

అది రెండో మాట. అదీ గుర్తుంది.

ఫిల్టర్ కడిగి, ఆరబెట్టి, అంకెను రెండుకు తెచ్చాను. తరువాత మిషన్‌ను గదిలోకి తీసుకుపోయి, నా సంచిలోని వేరే గొట్టం నేనే ముక్కుకు పెట్టుకుని నడిపించి, తలుపు దగ్గరకు వేశాను. రమణమ్మను కూర్చోబెట్టి ఆమె వేలికి పల్స్ ఆక్సీమీటర్ పెట్టాను. రక్తంలో ఆక్సిజన్ ఎంత ఉందో చూపించే క్లిప్పు అది. సుజాత టీ తెచ్చింది. తాగాం. మళ్లీ వేలు చూశాం. మొదట తొంభై ఏడు, టీ అయ్యాక కూడా తొంభై ఏడు.

"నా వేలు చూసినావు. బిడ్డ వేలు?"

"బిడ్డ వేలికి ఇది పట్టదు. నీ అనుమానం తీరకుంటే తలుపు తీసి పెట్టుకో, ఎవరొద్దన్నారు? షెడ్డు వైపు కిటికీ మాత్రం మూయి."

"అమ్మా, నాయన లోపలికి రావాల" అంది సుజాత. ఆ మాట ఇంకెవరు అన్నా రమణమ్మ వినేది కాదు. చెన్నయ్య మెల్లగా నడిచి లోపలికి వచ్చాడు. పంచలోని మంచం నేను తెచ్చి పాప పక్కన వేస్తే, క్యాన్యులా తగిలించుకుని దానిమీద కూర్చున్నాడు.

నా పని అయిందనుకుని సామాన్లు సర్దుకుంటున్నాను. రమణమ్మ వంటింట్లోనుంచి నిప్పుల కుంపటి పట్టుకుని వచ్చింది. పాపకు నీళ్లు పోసే వేళ. సాంబ్రాణి పొగ వేయాలి.

"ఆగు!" అని అరిచాను. పాప ఉలిక్కిపడి ఏడ్చింది.

"నీ నోరు పడ, బిడ్డను ఝడిపించినావు కదరా!"

ఆక్సిజన్ తనంతట తాను మండదు. మండేదాన్ని భగ్గుమనిపిస్తుంది. అది తగిలిన దుప్పటి, గడ్డం, ముక్కు దగ్గరి గొట్టం, వీటిమీద ఒక్క రవ్వ పడితే చాలు. బీడీ, దీపం, పొయ్యి, కుంపటి, ఏదీ ఆ గదిలోకి రాకూడదు. మిషన్ ఆపేసినా బట్టల్లో ఆక్సిజన్ కాసేపు నిలిచే ఉంటుంది. పైగా ఆ పొగ ఆయన ఊపిరితిత్తుల్లో పలక దుమ్ముకు తోడు అవుతుంది. అదే చెప్పాను.

"ముగ్గురు పిల్లలకు పొగ వేసి పెంచినా. ఇంటి ఆచారం నువ్వు మాన్పిస్తావా?"

"పొగ మానమనలా. ఈ గదిలో వద్దంటాండా."

ఆమె కదలలేదు. నేను పోయి ఆ గది గడప మీద కూర్చున్నాను.

"గడప మీద కూర్చోకూడదు, లెయ్!"

"కుంపటి బయటికి పోతే లేస్తా."

చెన్నయ్యకు నవ్వొచ్చి, నవ్వు దగ్గయింది. "రమణా... వాడు మూర్ఖుడు. రాత్రిదాకా... కూర్చుంటాడు. నువ్వే పో."

అది కూడా గుర్తుంది. కానీ ఆ మాటకు కోపం రాలేదు.

రమణమ్మ విసురుగా పంచలోకి పోయి, చెన్నయ్య మంచం తీసిన చోటే కుంపటి పెట్టింది. పాపకు నీళ్లు పోసి, అక్కడే పొగ చూపించి, బొట్టు పెట్టి తెచ్చింది. లోపలికి వచ్చి ఒక క్షణం నిలబడింది. తరువాత పాపను చెన్నయ్య ఒడిలో పెట్టింది. ఆయన ఊపిరి తీసినప్పుడల్లా మిషన్ టుస్సుమంటోంది. ఆ చప్పుడుకు పాప నిద్రపోయింది.

ఈ కేసు నాకు నేర్పింది ఒక్కటే. జనం తప్పు చేసేది భయం లేక కాదు. ఆ ఇంట్లో కావలసినంత భయం ఉంది. అది పోవలసిన చోటికి పోలేదు. మిషన్‌కు భయపడి మనిషిని బయట పెట్టారు, నిప్పును మాత్రం లోపలికి తెస్తున్నారు. దేనికి భయపడాలో చెప్పే కాగితం మిషన్ డబ్బాలోనే ఉంది, తెలుగులో లేదు. రమణమ్మకు తెలుగు చదవడం బాగా వచ్చు.

ఆ సాయంత్రమే కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాను. "నిప్పు హెచ్చరిక మాన్యువల్‌లో ఉంది సార్" అన్నాడు అవతలి మనిషి. ఏ భాషలో అని అడిగితే, "మీరు టెక్నీషియనా, కస్టమరా?" అన్నాడు. టెక్నీషియన్‌నన్నాను. "అయితే మీకు తెలుసు కదా సార్" అని పెట్టేశాడు.

నాకు తెలుసు. అడిగింది నా కోసం కాదు. మిషన్ మీద అరచేతి వెడల్పు చోటు ఖాళీగా ఉంది. నిప్పు దగ్గరికి తేవద్దని, అంకె అంటే లీటరు కాదని, గదిలో గాలి తగ్గదని, మూడు మాటలు తెలుగులో అక్కడ అచ్చు వేయడానికి, కంపెనీవాళ్లూ, మీకు అడ్డమేమిటి? నోట్ చేసుకున్నామని ఈసారి చెప్పొద్దు. వేస్తారా, వేయరా? జవాబు చెప్పండి.