పదకొండో నంబరు కమీజు

శోభారాణి టీచర్ శనివారం తనిఖీకి వచ్చిందంటే గైడ్స్ పిల్లలు ఊపిరి బిగబట్టి నిలబడతారు. గోళ్లు చూస్తుంది. బెల్టు చూస్తుంది. జడలో పూలుంటే తీయిస్తుంది, చెవులకు వేలాడేవి ఉంటే సంచిలో పెట్టమంటుంది. స్కార్ఫు మెడ వెనక సరిగ్గా కూర్చోకపోతే తనే సర్ది, ఆ పిల్ల బుగ్గ తట్టి ముందుకు పోతుంది. ఈ బట్టలు ఎవరివి అని మాత్రం ఎప్పుడూ అడగదు. అవి ఏ ఒక్కరివీ కావు.

జహీరాబాద్‌లో ఆమె పనిచేసే ప్రభుత్వ బాలికల బడిలో గైడ్స్ యూనిఫాం పిల్లల ఇళ్లలో ఉండదు. స్టాఫ్ రూములో ఒక ఇనుప పెట్టె ఉంది. టైలర్ చెన్నబసప్ప మూడు సైజుల్లో కుట్టిన ఇరవై నాలుగు నీలం సల్వార్ కమీజు జతలు అందులో ఉంటాయి. కాలరు లోపల ఎర్రదారంతో నంబరే ఉంటుంది, పేరుండదు. పరేడ్‌కు ముందు సైజు చూసుకుని ఏది చేతికొస్తే అది వేసుకోవాలి. పరేడ్ అయ్యాక ఆ వారం వంతు వచ్చిన ఆరుగురు కుళాయి దగ్గర అందరి బట్టలూ ఉతుకుతారు. ఈ వారం ఒకరి చెమట ఇంకొకరు ఉతికితే, వచ్చే వారం వాళ్లది వీళ్లు ఉతుకుతారు.

ఈ పద్ధతి ఏ నియమావళిలోనూ లేదు. మొగుడంపల్లిలో కూలి చేసే క్రైస్తవ కుటుంబంలో పుట్టిన శోభారాణి ఏడో తరగతిలో ఉండగా, పంద్రాగస్టు పరేడ్‌లో తెల్ల బట్టలు లేవని ఆమెను లైనులోంచి బయటికి పంపారు. ఆ రోజంతా బడి గోడ వెనక నిలబడి మిగతా పిల్లలు అడుగులు వేసే చప్పుడు వింది. గైడ్ కెప్టెన్ అయిన రోజే నిర్ణయించుకుంది, తన కంపెనీలో, అంటే తన గైడ్స్ దళంలో, ఏ పిల్లది ఏ ఇల్లో బట్ట చూసి చెప్పే వీలుండకూడదని. తొమ్మిదేళ్లుగా ఆ మాట మీదే నిలబడింది.

మొన్న చలికాలంలో ఒక సోమవారం జగన్‌మోహన్ బడికి వచ్చాడు. ఝరాసంగం దగ్గరి పల్లెలో ఇరవై ఎకరాల ఆసామి. తొమ్మిదో తరగతి చదివే కూతురు పూజిత గైడ్స్‌లో పెట్రోల్ లీడర్, అంటే ఒక చిన్న జట్టుకు నాయకురాలు. ఇంకో నెలలో తృతీయ సోపాన్ పరీక్ష శిబిరం ఉంది. అది తప్పితే పై పరీక్షకు దారి ఉండదు. ఆ పిల్ల దాని కోసమే ఏడాదిగా ముడులు, కట్లు, ప్రథమ చికిత్స నేర్చుకుంటోంది.

ఆయన కొత్త యూనిఫాం ఉన్న కవరు బల్ల మీద పెట్టాడు. “మేడం, మా బిడ్డ ఇగ పెట్టెల బట్టలు ఏసుకోదు. దాని బట్టలు దానికే ఉండాలె” అన్నాడు.

ఎందుకని అడిగితే నేల చూశాడు. శోభారాణికి ఆ మౌనం అర్థమైందనిపించింది. అలాంటి మౌనాలు ఆమె చిన్నప్పటి నుంచీ చూస్తోంది.

“మంచిగైంది పటేలా. దీనికి గూడ నంబరు కుట్టించి పెట్టెల ఏస్త. ఎవల చేతికొస్తే వాళ్లు ఏసుకుంటరు.”

జగన్‌మోహన్ కవరు తీసుకుని వెళ్లిపోయాడు. ఆ శనివారం పూజిత పరేడ్‌కు రాలేదు. ఆ పై శనివారమూ రాలేదు. తరగతిలో చివరి బెంచీకి మారింది, టీచర్ వస్తుంటే తల వంచుకునేది.

మన పిల్లల ఒంటి బట్ట తగిలితే వాళ్ల పిల్ల మైల పడుతుందట అని శోభారాణి మధ్యాహ్న భోజనం వండే దేవమ్మతో చెప్పుకుని మండిపడింది. దేవమ్మ గంటె తిప్పుతూనే అడిగింది.

“గట్లని ఆయన అన్నడా టీచరమ్మా, నువ్వే అనుకున్నవా?”

ఇంకో మాట కూడా చెప్పింది. తీగ మీద ఆరేసేటప్పుడు కమీజులు ఇరవై మూడే లెక్కకొస్తున్నాయి. పదకొండో నంబరు లేదు. ఆఖరున అది వేసుకున్నది పూజితే, ఆ రోజు ఉతకడానికి బట్ట ఇవ్వకుండానే ఇంటికి పోయింది.

బడి బట్ట ఇంటికి పోకూడదనేది మరో నియమం. దాన్ని తెచ్చుకోవాలనే కోపంతోనే శోభారాణి ఆదివారం పూజిత వాళ్ల పల్లెకు షేర్ ఆటో ఎక్కింది.

పూజిత తల్లి బస్వమ్మ చాయ్ ఇచ్చింది, పేపరు కప్పులో. ఇంట్లో వాళ్లు స్టీలు గ్లాసుల్లో తాగుతున్నారు. కులం ఆ ఇంటి గడప దాటి పోయిందని రాస్తే అబద్ధమవుతుంది. శోభారాణి కప్పు చూసింది, చాయ్ ముట్టకుండా కమీజు అడిగింది.

బస్వమ్మ లోపలి నుంచి తెచ్చింది. ఇస్త్రీ చేసి మడత పెట్టి ఉంది. మడత విప్పి వెనక వైపు చూపించింది. ఎంత రుద్దినా పోని లేత గోధుమరంగు మరక.

“పదిమంది చేతులల్ల పడే బట్ట మేడం. ఉతికేటోళ్లు చూస్తే బడంత చెప్పుకుంటరని బిడ్డ రెండు దినాలు అన్నం తినలే. ఆయనకేమని చెప్త? దానికి వేరే జత తెమ్మన్న, గంతే.”

శోభారాణి కమీజు అందుకుని మరక లోపలికి పోయేలా మడత పెట్టింది. పిల్లల మధ్య ఏ తేడా కనపడకూడదని అన్నీ కలిపేసింది. నెలకోసారి ఒక పిల్లకు తన బట్ట తనదిగా కావాలని యాభై ఒక్కేళ్ల ఆడమనిషికి తోచలేదు. పైగా నోరు విప్పలేని తండ్రి ముఖంలో తన పాత గాయాన్ని చదువుకుంది.

పూజిత తలుపు చాటున ఉంది. టీచర్ లేచి ఆమె దగ్గరికి వెళ్లింది.

“తప్పు నాది బిడ్డా. బట్టలు కలిపిన గని, గవి ఏసుకునేది ఆడపిల్లలని మరిచిన. శనివారం రా.”

“అందరికి తెలుస్తది టీచర్” అంది పూజిత.

“తెల్వనీ. నేనే చెప్త, నీ పేరు తియ్యకుండ.”

శనివారం తనిఖీకి ముందు చెప్పింది కూడా. నెలసరి అనే మాటను చెట్ల పేర్లు చెప్పినంత మామూలుగా చెప్పింది. లైనులో కిసుక్కుమన్నారు, కొందరు బూట్లు చూసుకున్నారు. ఆ రోజుల్లో ఇంటి నుంచి ముదురు రంగు బట్టలు వేసుకుని రావచ్చు, మీద స్కార్ఫు, బెల్టు ఉంటే అది పూర్తి యూనిఫామే, మార్కులు తగ్గవు. పెట్టె బట్టకు మరకైతే ఇంటికి తీసుకుపోయి ఉతికి తేవచ్చు, ఎవరూ అడగకూడదు. తక్కిన రోజుల్లో మాత్రం పెట్టె బట్టలే. పూజిత చేతికి ఆ రోజు నాలుగో నంబరు వచ్చింది. పరేడ్ అయ్యాక కుళాయి దగ్గర వంతు కూడా ఆమెదే.

శిబిరం రెండో రోజు పొద్దున పరీక్షాధికారి వరుసలో వస్తూ పూజిత దగ్గర ఆగాడు. మిగతా పిల్లలంతా నీలం బట్టల్లో ఉంటే ఆమె ఒక్కతే నల్ల సల్వార్ కమీజులో ఉంది. యూనిఫాం ఏదని అడిగాడు. కెప్టెన్లంతా దూరంగా షామియానా కింద ఉన్నారు. పక్కనున్న తన బడి పిల్ల స్నేహ అందుకుని ఏదో చెప్పబోయింది గానీ పూజిత ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

“నెలసరి సార్. మా కంపెనీల గీ దినాలల్ల గిదే యూనిఫాం.”

చూపు దించలేదు. ఆయన స్కార్ఫు చూశాడు, బెల్టు చూశాడు, గోళ్లు చూపించమన్నాడు. స్నేహకు వేసినన్ని మార్కులే ఆమెకూ వేసి తర్వాతి పిల్ల దగ్గరికి నడిచాడు.